వైద్య వ్యాసముల చివర నుండు ఆధారములు – చదువు విధము, వ్రాయు విధము

“మిరియాలు కలిపిన పసుపు ఇరువది రెట్లు అధికముగా ఒంటబట్టును.” “ఈ మూలిక రక్తపుపోటునకు దివ్యౌషధమని పరిశోధకులు తేల్చిరి.” ఇట్టి వాక్యములు ఆరోగ్య పత్రికలలోను, ఔషధముల పెట్టెలపైనను విరివిగా కానవచ్చుచున్నవి. చదివిన గృహిణి ఆ సాయంకాలమే ఆ యోగమును ఇంటిలో ప్రయోగించుట కద్దు. ఆ వాక్యము నిజమా? నిజమైనచో ఎంతవరకు నిజము? ఎవరు, ఎప్పుడు, ఏ మోతాదులో, ఎవరిపై పరీక్షించిరి? వీనిని తెలిసికొనుటకు సామాన్య కుటుంబీకులకు ఒక మార్గము కలదు. అది వ్యాసము చివర చిన్న అక్షరములలో అచ్చగు ఆధారముల పట్టిక. చాలమంది పాఠకులు దానిని చూడకయే పుట త్రిప్పుదురు. అందలి అంకెలు, చుక్కలు, పొడి అక్షరములు అర్థము కాకపోవుటయే అందులకు కారణము.

వైద్య పరిశోధన వ్యాసమును ఆధారముగా చూపునపుడు ప్రపంచమందలి వైద్య పత్రికలు ఎక్కువగా అనుసరించు పద్ధతికి వాంకూవర్ పద్ధతి యని పేరు. ఆ పద్ధతిలో వ్రాసిన ఆధారమును చదువుట యెట్లు, స్వయముగా వ్రాయుట యెట్లు, వ్రాయుటకు ముందు చూడవలసిన దేమి అను మూడు విషయములను ఈ పాఠములో తెలిసికొందము.

మన శాస్త్రములో ఆధారము

ఆధారము చూపుట ఆయుర్వేదమునకు క్రొత్త కాదు. చరక సంహిత విమాన స్థానము నాల్గవ అధ్యాయములో రోగమును తెలిసికొనుటకు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము అను మూడు ఉపాయములు చెప్పబడినవి. ఆప్తోపదేశ మనగా నమ్మదగిన జ్ఞాని చెప్పిన మాట. ఐతే ఆ మాటను చెప్పినది ఎవరో, ఎచ్చట చెప్పిరో తెలియనిచో అది ఆప్తవాక్యమో, గాలివార్తయో నిర్ణయించుట యెట్లు?

కనుకనే వైద్య విద్వాంసులు శ్లోకమును పేర్కొనినపుడు దాని చిరునామాను కూడ తెలుపుదురు. “చ. సూ. 1/41” అని యున్నచో చరక సంహిత, సూత్ర స్థానము, మొదటి అధ్యాయము, 41వ శ్లోకము అని అర్థము. ఆయుర్వేద మనగా నేమో నిర్వచించు శ్లోకము అదియే. చరక సంహితలో 8 స్థానములు, 120 అధ్యాయములు కలవు. చిరునామా లేక “చరకుడు చెప్పెను” అని మాత్రమే వ్రాసినచో పాఠకుడు ఆ 120 అధ్యాయములను వెదకవలసి వచ్చును. చిరునామా యున్నచో నిమిషములో గ్రంథము తెరచి, అచ్చట అట్లున్నదో లేదో తానే చూచుకొనగలడు. వాంకూవర్ పద్ధతి యొక్క ప్రయోజనము కూడ సరిగా ఇదియే.

ఈ పద్ధతి పుట్టుక

పూర్వము ఒక్కొక్క వైద్య పత్రిక ఆధారములను ఒక్కొక్క తీరున అడిగెడిది. ఒక పత్రిక తిరస్కరించిన వ్యాసమును వేరొక పత్రికకు పంపవలసి వచ్చినపుడు వైద్యుడు పట్టిక నంతయు మరల వ్రాయించుకొనవలసి యుండెను. ఈ బాధను తొలగించుటకు 1978 జనవరిలో కొన్ని వైద్య పత్రికల సంపాదకులు కెనడా దేశమందలి వాంకూవర్ నగరములో సమావేశమైరి. వారు కుదుర్చుకొన్న నియమములు 1979లో మొదటిసారి ప్రకటితమైనవి. ఆధారముల రూపమును అమెరికాలోని జాతీయ వైద్య గ్రంథాలయము రూపొందించెను. ఆ సంపాదకుల బృందమే తరువాత వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ సంఘముగా పెరిగెను. నగరము పేరు పద్ధతికి నిలిచిపోయినది.

ఒక ఆధారమును విప్పి చూతము

మన దేశపు మూలికకు సంబంధించిన ఒక ప్రసిద్ధ వ్యాసమును ఉదాహరణగా గైకొందము. సర్పగంధ వేరును మన వైద్యులు తరతరములుగా వాడుచుండిరి. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనువారు ఉన్మాదమునందును, అధిక రక్తపుపోటునందును దాని ఉపయోగమును గూర్చి వ్యాసము ప్రకటించిరి. 1949లో బొంబాయికి చెందిన హృద్రోగ నిపుణులు రుస్తుం జాల్ వకీల్ గారు తమ పరిశీలనలను బ్రిటిష్ హార్ట్ జర్నల్ అను పత్రికలో ప్రచురించిరి. ఆ వ్యాసము విదేశ వైద్యుల దృష్టిని సర్పగంధపైకి మరల్చినది. అమెరికాలోని బోస్టన్ నగరమున రాబర్ట్ విల్కిన్స్ అను వైద్యుడు దానిని చూచి తానును ఆ మందును పరీక్షించెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. వకీల్ గారికి 1957లో లాస్కర్ బహుమానము లభించినది. సముద్రముల కావలి వైద్యునకు బొంబాయి వైద్యుని అనుభవము అందుటకు త్రోవ చూపినది పత్రిక పేరు, సంవత్సరము, పుట సంఖ్య అను ఈ చిన్న చిరునామాయే.

ఆ వ్యాసమును వాంకూవర్ పద్ధతిలో ఇట్లు వ్రాయుదురు. అసలు ఆంగ్ల లిపిలో నుండును. పాఠకుల సౌకర్యార్థము తెలుగు లిపిలో చూపుచున్నాము.

వకీల్ ఆర్‌జె. ఎ క్లినికల్ ట్రయల్ ఆఫ్ రౌవోల్ఫియా సర్పెంటినా ఇన్ ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్. బ్రి హార్ట్ జ. 1949;11(4):350-5.

ఇందులో ఆరు భాగములు కలవు.

1. రచయిత పేరు: ఇంటిపేరు ముందు, తరువాత సొంత పేరునకు పొడి అక్షరములు. పొడి అక్షరముల నడుమ చుక్కలు ఉండవు. డాక్టరు, ప్రొఫెసరు వంటి బిరుదులు, ఎం.డి. వంటి పట్టములు వ్రాయరాదు. పేరు ముగియగానే ఒక చుక్క.

2. వ్యాసము శీర్షిక: మార్చక, కుదింపక, ఉన్నదున్నట్లు వ్రాయవలెను. ఆంగ్లములో మొదటి పదమునకును, వ్యక్తుల, దేశముల పేర్లకును మాత్రమే పెద్ద అక్షరము వాడుదురు. శీర్షికకు కొటేషన్ గుర్తులు అక్కరలేదు. చివర చుక్క.

3. పత్రిక పేరు: దీనిని కుదించి వ్రాయుదురు. కుదింపు మన ఇష్టము వచ్చినట్లు కాదు. జాతీయ వైద్య గ్రంథాలయము ప్రతి పత్రికకును ఒక కుదింపు పేరును నిర్ణయించినది. వ్యాసము వెలువడిన నాటి పేరే వ్రాయవలెను. బ్రిటిష్ హార్ట్ జర్నల్ 1996లో తన పేరును హార్ట్ అని మార్చుకొన్నది. ఐనను 1949 నాటి వ్యాసమునకు పాత పేరే చెల్లును.

4. సంవత్సరము: 1949. దీని తరువాత సెమీకోలన్. దాని తరువాత ఖాళీ విడువరు.

5. సంపుటము, సంచిక: 11 అనునది సంపుటము. బ్రాకెట్టులోని 4 అనునది ఆ సంపుటములోని సంచిక. మన మాస పత్రికలకు సంపుటి, సంచిక ఉన్నట్లే ఇదియును. సంపుటమంతటికి పుటల సంఖ్య వరుసగా నడచు పత్రికలలో సంచిక సంఖ్యను విడిచినను దోషము లేదు.

6. పుటలు: కోలన్ తరువాత మొదటి పుట, అడ్డగీత, చివరి పుట. 350 నుండి 355 వరకు అనుటకు 350-5 అని వ్రాయుదురు. మారని అంకెలను మరల వ్రాయరు. క్రొత్తగా చదువువారు దీనిని 350వ పుట, 5వ పుట అని భ్రమపడుదురు, అట్లు కాదు.

అంతర్జాలములో వెలువడు వ్యాసములకు ఇప్పుడు డి.ఓ.ఐ. అను ఒక శాశ్వత సంఖ్యను కూడ కేటాయించుచున్నారు. అది యున్నచో చివర చేర్చుట మంచిది. ఆ సంఖ్యద్వారా తిన్నగా ఆ వ్యాసమునే చేరవచ్చును.

పలువురు రచయితలు ఉన్నపుడు

ఇద్దరు, ముగ్గురు కలసి వ్రాసినపుడు వ్యాసముపై నున్న వరుసలోనే పేర్లను కామాలతో వేరుచేసి వ్రాయవలెను. “మరియు” అను పదము వాడరు. ఆరుగురి వరకు అందరి పేర్లును వ్రాసి, ఏడవవారు మొదలుకొని “తదితరులు” అను అర్థముగల లాటిన్ సంకేతముతో ముగించుట వాడుకలో నున్న నియమము. కొన్ని పత్రికలు ముగ్గురితోనే ఆపుదురు. ఏ పత్రికకు పంపుదుమో ఆ పత్రిక నియమమును చూచుకొనవలెను.

మన తెలుగు పేర్ల విషయములో ఒక చిక్కు కలదు. మనము ఇంటిపేరును మొదటనే వ్రాయుదుము. పాశ్చాత్యులు చివరి పేరును ఇంటిపేరుగా తలంతురు. దీనికి చక్కని నిదర్శనము భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట అమెరికాలోని హార్వర్డునకు వెళ్ళిన మహనీయుడు. సైరస్ ఫిస్కె గారితో కలసి భాస్వరమును కొలుచు విధానమును గూర్చి ఆయన 1925లో వ్రాసిన వ్యాసము జీవరసాయన శాస్త్రములో మిక్కిలి ఉదహరింపబడిన వానిలో నొకటి. దాని ఆధార మిట్లుండును:

ఫిస్కె సిహెచ్, సుబ్బారావ్ వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జ బయోల్ కెం. 1925;66:375-400.

యల్లాప్రగడ అను ఇంటిపేరు ఇచ్చట “వై” అను పొడి అక్షరముగా మిగిలినది. సొంత పేరు ఇంటిపేరు స్థానమున కూర్చున్నది. దీనిని మనము సవరించి “యల్లాప్రగడ ఎస్” అని వ్రాసినచో ఆ వ్యాసము ఎవరికిని దొరకదు. కావున పేరును వ్యాసముపై అచ్చయిన రీతిని అనుసరించియే వ్రాయవలెను.

వ్యాసము నడుమ అంకెలు వేయు విధము

వాంకూవర్ పద్ధతిలో ఆధారములకు అక్షర క్రమము లేదు. వ్యాసములో మొదట ఉదహరించిన దానికి 1, తరువాతి దానికి 2 అని వచ్చిన వరుసలో అంకెలు వేయుదురు. వాక్యము చివర ఆ అంకెను బ్రాకెట్టులో గాని, పంక్తికి కొంచెము పైన గాని ఉంచుదురు. అదే వ్యాసమును మరల ఉదహరించినపుడు క్రొత్త అంకె వేయరాదు. మొదట ఇచ్చిన అంకెయే మరల వేయవలెను. ఒక వాక్యమునకు 2, 3, 4 ఆధారములున్నచో 2-4 అని వ్రాయవచ్చును. అంకె ఏ వాక్యము చెంత నున్నదో ఆ వాక్యమునకే అది సాక్ష్యము. పేరా మొత్తమునకు చివర నొక అంకె తగిలించినచో ఏ మాటకు ఏ సాక్ష్యమో తెలియక పాఠకుడు తికమక పడును.

రూపము సరియైనను సారము తప్పవచ్చును

ఇంతవరకు చెప్పినది చుక్కల, కామాల శాస్త్రము. అది ఒక పూటలో అలవడును. అసలైన జాగ్రత్త ఇచ్చటినుండి ఆరంభమగును. ఆధారము చూపిన వాక్యమును, ఆధారమైన వ్యాసమును ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చవలెను. మొదట చెప్పిన పసుపు మిరియాల వాక్యమునే పరీక్షింతము. దానికి ఆధారముగా చూపునది బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో జరిగిన ఈ పరిశోధన:

షోబా జి, జాయ్ డి, జోసెఫ్ టి, మజీద్ ఎం, రాజేంద్రన్ ఆర్, శ్రీనివాస్ పిఎస్. ఇన్‌ఫ్లుయెన్స్ ఆఫ్ పిపరిన్ ఆన్ ది ఫార్మకోకైనటిక్స్ ఆఫ్ కర్కుమిన్ ఇన్ యానిమల్స్ అండ్ హ్యూమన్ వాలంటీర్స్. ప్లాంటా మెడ్. 1998;64(4):353-6.

శీర్షిక చదివినంతనే కొన్ని సంగతులు బయటపడును. పరీక్షించినది పసుపును కాదు, కర్కుమిన్ అను దానిలోని పదార్థమును. మిరియాలను కాదు, పిపరిన్ అను వానిలోని పదార్థమును. వ్యాసము లోనికి వెళ్ళినచో మరికొన్ని తెలియును. ఆరోగ్యవంతులైన మనుష్యులకు 2 గ్రాముల కర్కుమిన్, 20 మిల్లీగ్రాముల పిపరిన్ కలిపి ఇచ్చిరి. కర్కుమిన్ ఒక్కదానినే ఇచ్చినపుడు రక్తములో అది దాదాపు కనబడలేదు. పిపరిన్ తోడైనపుడు అది 2000 శాతము, అనగా ఇరువది రెట్లు, అధికముగా లభ్యమైనది. ఆ పెరుగుదల కానవచ్చినది మందు తీసికొన్న మొదటి గంట లోపల. అదే పరిశోధనలో ఎలుకలలో పెరుగుదల 154 శాతము మాత్రమే.

ఇప్పుడు మన వంటింటి లెక్క చూతము. పసుపు పొడిలో కర్కుమిన్ సుమారు 3 శాతము మాత్రమే ఉండును. 2 గ్రాముల కర్కుమిన్ కావలెనన్నచో 60 గ్రాములకు పైబడిన పసుపు, అనగా సుమారు ఇరువది చెంచాల పసుపు, ఒక్కమారే సేవించవలెను. ఏ ఇల్లాలును పాలలో అంత పసుపు కలుపదు. అంతియే కాదు. ఆ పరిశోధన కొలిచినది రక్తములోని పదార్థమును. ఏ రోగము తగ్గినదనియు చెప్పలేదు. కావున ఆధారము నిజమైనదే, పత్రిక నిజమైనదే, పుట సంఖ్య సరియైనదే. ఐనను “పాలలో చిటికెడు మిరియాల పొడి వేసిన కీళ్ళవాతము ఇరువది రెట్లు త్వరగా తగ్గును” అను వాక్యమునకు అది సాక్ష్యము కాదు.

దీనివలన వంటలో పసుపు, మిరియాలు వాడుట తప్పని భావింపరాదు. అది మన ఆహార సంప్రదాయము. ఐతే ఈ 2000 శాతమను మాటను నమ్మి అధిక మోతాదు కర్కుమిన్, పిపరిన్ మాత్రలను వైద్యుని అడుగకయే కొనువారు జాగ్రత్త వహింపవలెను. అట్టి మాత్రల వలన కొందరికి కాలేయము దెబ్బతిన్నట్లు ఇటీవలి సంవత్సరములలో అమెరికా వైద్యులు ప్రకటించియున్నారు. సర్పగంధ విషయమును అంతే. అది రక్తపుపోటును బాగుగా తగ్గించును. మనోవ్యాకులతను కూడ కలిగించగలదు. వకీల్ గారి వ్యాసము వైద్యుని చేతిలోని మందునకు ఆధారమే గాని ఇంటి వైద్యమునకు అనుమతి పత్రము కాదు.

ఐదు వాక్యముల ఉత్తరము చేసిన హాని

ఆధారమును చదువక ఉదహరించుటవలన ఎంతటి అనర్థము కలుగునో తెలుపు చరిత్ర యొకటి కలదు. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను పత్రికలో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ అనువారు ఐదు వాక్యముల ఉత్తరము నొకదానిని ప్రచురించిరి. ఆసుపత్రిలో చేరి నల్లమందు జాతి ఔషధములను ఒక్కమారైనను పొందిన 11,882 మంది రోగులలో, పూర్వము వ్యసనము లేనివారిలో, నలుగురికి మాత్రమే వ్యసనము స్పష్టముగా కానవచ్చినదని దాని సారాంశము. దాని ఆధారము మిక్కిలి పొట్టిది: సంపుటము 302, పుట 123. ఒక్క పుటయే!

పుట సంఖ్య ఒక్కటియే యుండుట చూచినవారికి ఇది పరిశోధన వ్యాసము కాదు, చిన్న లేఖ మాత్రమే అను అనుమానము కలుగవలసినది. కలుగలేదు. ఆసుపత్రిలో వైద్యుల కనుసన్నల నున్న రోగులను గూర్చిన ఆ లేఖను, ఇంటివద్ద నెలల తరబడి నొప్పి మాత్రలు మ్రింగువారికిని వర్తింపజేసిరి. 2017లో కెనడా పరిశోధకులు లెక్కించగా ఆ లేఖను 608 వ్యాసములు ఉదహరించినట్లు తేలినది. అందు 439 వ్యాసములు వ్యసనము అరుదనుటకు దానినే సాక్ష్యముగా చూపినవి. ఆ రోగులు ఆసుపత్రిలో నున్నవారని 491 వ్యాసములు చెప్పనే లేదు. ఈ నడుమ ఉత్తర అమెరికాలో ఆ మాత్రల వ్యసనము పెనుభూతమై లక్షల ప్రాణములను బలిగొన్నది. దానికి ఈ లేఖ యొక్కటియే కారణము కాదు. కాని వైద్యుల భయమును పోగొట్టుటకు దీనిని విరివిగా వాడుకొనిరి. లేఖలో అబద్ధము లేదు. దానిని తెరచి చదువక ఒకరి పట్టికనుండి మరొకరు ఎత్తి వ్రాసికొనుటలో దోషమున్నది.

కావున నియమ మేమనగా, తాను చదువని వ్యాసమును ఆధారముగా చూపరాదు. ఇతరుల వ్యాసములో చూచిన ఆధారమును అట్లే ఎత్తి వ్రాయరాదు. సంగ్రహమును మాత్రమే చదివి పూర్తి వ్యాసమును చదివినట్లు వ్రాయరాదు.

వెనుకకు తీసికొన్న వ్యాసములు

మరియొక జాగ్రత్త. పత్రికలు తాము ప్రచురించిన వ్యాసము దోషభూయిష్టమని తేలినపుడు దానిని వెనుకకు తీసికొనుట కలదు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేయు టీకా మందునకును, ఆటిజమునకును సంబంధమున్నట్లు 12 మంది పిల్లలను చూపి 1998లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వ్యాసమును ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకొన్నది. పన్నెండేండ్లపాటు దాని చిరునామా నిలిచియుండుటచే ఎందరో తల్లిదండ్రులు భయపడి పిల్లలకు టీకా మాన్పించిరి. అట్టి వ్యాసమును ఏ కారణముచేతనైన పేర్కొనవలసి వచ్చినచో అది ఉపసంహరింపబడినదని దాని చెంతనే తెలుపవలెను.

ఇటీవల మరియొక క్రొత్త అపాయము ఏర్పడినది. కృత్రిమ మేధ యంత్రములను ఆధారములు అడిగినపుడు అవి అసలు లేని వ్యాసములకు సైతము పేర్లు, సంపుటములు, పుటలు అల్లి చక్కని వాంకూవర్ రూపములో ఇచ్చుట కద్దు. చుక్కలన్నియు సరిగా నుండును. వ్యాసము మాత్రము లోకములో నుండదు. కావున ప్రతి ఆధారమును వెదకి చూచిన పిమ్మటనే నమ్మవలెను.

వెదకుట యెట్లు?

అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము 1879 నుండి వైద్య వ్యాసముల సూచికను ముద్రించెడిది. ఆ ముద్రణ 2004తో ముగిసినది. దాని స్థానమున 1996లో ఆరంభమైన పబ్‌మెడ్ అను అంతర్జాల సూచిక నేడు అందరికి ఉచితముగా లభించుచున్నది. వ్యాసము శీర్షికను ఆంగ్లములో నమోదు చేసినచో రచయితలు, పత్రిక, సంపుటము, పుటలు కనబడును. అనేక వ్యాసములకు సంగ్రహమును, కొన్నింటికి పూర్తి పాఠమును లభించును. ఉపసంహరింపబడిన వ్యాసమైనచో ఆ సంగతియు అచ్చటనే తెలియును. ఇంటిలో కళాశాలకు వెళ్ళు పిల్లలున్నచో వారికి ఈ పని నప్పగింపవచ్చును. వైద్య కళాశాల గ్రంథాలయమునందును దీనికి సహాయము లభించును.

ఇంటి వైద్య పుస్తకమునకు ఈ పద్ధతి

అనేక గృహములలో చిట్కాలను వ్రాసియుంచు నోటు పుస్తక మొకటి యుండును. ప్రతి యోగము క్రింద దాని ఆధారమును వ్రాయుట అలవాటు చేసికొనుడు.

1. గ్రంథమునుండి గైకొన్నచో గ్రంథము, స్థానము, అధ్యాయము, శ్లోక సంఖ్య.

2. ఆరోగ్య పత్రికనుండి గైకొన్నచో రచయిత, శీర్షిక, పత్రిక, సంవత్సరము, నెల, పుట.

3. పరిశోధన వ్యాసమైనచో పైన చెప్పిన ఆరు భాగములు. వాని ప్రక్కన “ఎవరిపై పరీక్షించిరి, ఎంత మోతాదు, ఏమి కొలిచిరి” అను మూడు మాటలు.

4. పెద్దలు చెప్పినదైనచో “అమ్మమ్మ చెప్పినది” అని నిజాయితీగా వ్రాయుడు. అదియు ఆధారమే. దానికి శాస్త్ర పరిశోధన యను ముసుగు తొడుగుట మాత్రమే తప్పు.

రేపు ఇంటిలో ఎవరికైన ఏదైన మందు వికటించినపుడు వైద్యుడు “ఇది ఎచ్చట చూచి వాడితిరి? ఎంత మోతాదు?” అని అడుగును. పుస్తకము తెరచి చూపగలిగినచో ఆయన చికిత్స సులభమగును. “ఎక్కడో చదివితిమి” అను సమాధానము రోగికి మేలు చేయదు.

అభ్యాసము

ఈ క్రింది వివరములను వాంకూవర్ పద్ధతిలో కూర్చుడు. కర్కుమిన్ రసాయనమును సమీక్షించి, దానిపై జరిగిన ప్రయోగములు ఆశించిన ఫలము నిచ్చినట్లు రుజువు కాలేదని చెప్పిన వ్యాస మిది.

శీర్షిక: ది ఎసెన్షియల్ మెడిసినల్ కెమిస్ట్రీ ఆఫ్ కర్కుమిన్. పత్రిక: జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ, కుదింపు జ మెడ్ కెం. సంవత్సరము 2017, సంపుటము 60, సంచిక 5, పుటలు 1620 నుండి 1637 వరకు. రచయితలు వరుసగా: కె. ఎం. నెల్సన్, జె. ఎల్. డాలిన్, జె. బిస్సన్, జె. గ్రాహం, జి. ఎఫ్. పౌలి, ఎం. ఎ. వాల్టర్స్.

సమాధానము: నెల్సన్ కెఎం, డాలిన్ జెఎల్, బిస్సన్ జె, గ్రాహం జె, పౌలి జిఎఫ్, వాల్టర్స్ ఎంఎ. ది ఎసెన్షియల్ మెడిసినల్ కెమిస్ట్రీ ఆఫ్ కర్కుమిన్. జ మెడ్ కెం. 2017;60(5):1620-37.

రచయితలు ఆరుగురే కావున అందరి పేర్లును వచ్చినవి. చివరి పుట 1637లో మారినవి 37 అను రెండంకెలే కావున అవి మాత్రమే నిలిచినవి.

ఈ మారు “పరిశోధనలో తేలినది” అను మాట ఎచ్చట కనబడినను, దానికి అంకె యున్నదా, ఆ అంకెకు చిరునామా యున్నదా, ఆ చిరునామాలో నిజముగా ఆ మాటయే యున్నదా అని మూడు ప్రశ్నలు వేసికొనుడు. మూడింటికిని సమాధానము దొరకిన పిమ్మటనే ఆ యోగమును మీ కుటుంబమునకు వాడవలెనో లేదో వైద్యునితో ఆలోచించుడు.